రెండొందల ఫారాలు, ఒక బెంచీ

జూన్ 1, సోమవారం

ఉదయం 5.10. అలారం మోగకముందే లేచాను. రిటైరయ్యాక ఇలా లేవడం ఇదే మొదలు.

ముందు విషయం రాసి పెట్టుకోవాలి. మా వీధి చివర పార్కును బాగుచేస్తారట. ఏం చెయ్యాలో వాడేవాళ్ళనే అడుగుతారట. అందుకో ఫారం అచ్చువేశారు. పద్నాలుగు ప్రశ్నలు. పదమూడింటికి టిక్కు పెట్టాలి. పద్నాలుగోది ‘ఇతర సూచనలు’, దానికి రెండు గీతల జాగా. పందొమ్మిదో తేదీ సాయంత్రం అయిదు లోపల కనీసం రెండొందల ఫారాలు ఆఫీసుకు చేరాలి. చేరకపోతే ‘ప్రజలకు ఆసక్తి లేదు’ అని రాసి ఫైలు మూసేస్తారు. పార్కు ఇప్పుడున్నట్టే ఉంటుంది.

నిన్న కాలనీ మీటింగులో పార్కుల ఇంజనీరు, “ఎవరైనా ఈ బాధ్యత తీసుకుంటారా?” అని అడిగాడు. అందరూ టీ కప్పుల్లోకి చూశారు. నేను చెయ్యెత్తాను. “మీలాంటి అనుభవజ్ఞులే కావాలి సార్” అన్నాడు. ముప్పై నాలుగేళ్ళు పరీక్షల విభాగంలో పనిచేశాను. ‘సార్’ అనిపించుకుని పదకొండు నెలలైంది.

తీర్మానాలు:

1. రోజూ ఆరింటికల్లా పార్కు గేటు దగ్గర.
2. రోజుకు పదకొండు ఫారాలు. పందొమ్మిది రోజులకు రెండొందల తొమ్మిది. తొమ్మిది పాడైనా దిగులు లేదు.
3. ఎవరి ఫారం వాళ్ళదే, వాళ్ళ చేత్తోనే.
4. నా చేత్తో ఒక్క టిక్కూ పెట్టను. నా సొంత ఫారం కూడా నింపను. ఇన్విజిలేటర్ పరీక్ష రాయడు.
5. నా అభిప్రాయం ఎవరికీ చెప్పను.

ఉదయం 8.20. పద్నాలుగు ఫారాలు వచ్చాయి. లక్ష్యానికి మూడు ఎక్కువ. ఈ లెక్కన పదిహేనో తేదీకే అయిపోతుంది. మిగిలిన నాలుగు రోజులు ఏం చెయ్యాలో ఆలోచించాలి.

ఇంటికొచ్చేసరికి మా ఆవిడ అడిగింది, “నాకూ ఒకటి ఇవ్వండి.”

“నీదెక్కడికి పోతుంది, ఇంట్లోదే కదా. ముందు బయటివాళ్ళవి కానీ.”

“బయటివాళ్ళకేనా మోకాళ్ళు ఉండేది?”

6. ఇంటి ఫారం చివర్లో.

జూన్ 2, మంగళవారం

పదకొండు. మొత్తం ఇరవై అయిదు.

ఆరో ప్రశ్న ‘కాపలా సిబ్బంది ప్రవర్తన ఎలా ఉంది?’ అని. వాచ్‌మన్‌కు ఎవరు చెప్పారో తెలియదు. ఫారం నింపే ప్రతివాళ్ళ వెనకా చేతులు కట్టుకుని నిలబడుతున్నాడు. ఆరో ప్రశ్నకు ఇప్పటిదాకా ‘చాలా బాగుంది’ నూటికి నూరు.

“నువ్వు అలా నిలబడకూడదయ్యా” అన్నాను.

“నిలబడటమే కద సార్ నా ఉద్యోగం” అన్నాడు.

6.50. మొక్కల పొదల వెనక ఒక జంట. ఫారం ఇచ్చాను. పేరు రాశారు. చిరునామా దగ్గర ఆగారు. ‘తండ్రి లేదా భర్త పేరు’ దగ్గరికి వచ్చేసరికి అమ్మాయి అబ్బాయిని చూసింది, అబ్బాయి గేటును చూశాడు. ఫారం, పెన్ను రెండూ నా చేతిలో పెట్టి వెళ్ళిపోయారు. ఆ ఫారం లెక్కలోకి రాదు.

జూన్ 3, బుధవారం

తొమ్మిది. మొత్తం ముప్పై నాలుగు.

రోజూ పొద్దున్నే గుండ్రంగా నిలబడి బిగ్గరగా నవ్వే బృందం ఒకటుంది. ఇరవై ఇద్దరు. ఒక్క రోజులో రెండు రోజుల పని అవుతుందనుకున్నాను. వాళ్ళ పెద్దాయన ఫారం చదివి తిరిగిచ్చేశాడు. “పార్కులో ఏం బాగాలేదో రాయడం మొదలుపెడితే రేపటినుంచి మాకు నవ్వు రాదండీ” అన్నాడు.

మా ఆవిడ ఇవాళ కూడా నా వెంట వచ్చింది. మోకాలి ఆపరేషన్ అయి మూడు నెలలు. గేటు నుంచి పంపు గది పక్క బెంచీ దాకా రెండొందల పన్నెండు అడుగులు. తనే లెక్కపెట్టుకుంటుంది. అక్కడ పది నిమిషాలు కూర్చుని, వచ్చిన దారినే వెనక్కొస్తుంది. ముందుకు వెళ్తే గేటు మూడొందల తొంభై అడుగులు. మధ్యలో ఒకసారి కూర్చున్నా సరే, ఆ రౌండు పూర్తి చేయగలిగితే చేతికర్ర వదిలెయ్యొచ్చన్నాడు డాక్టరు. ముప్పయ్యో తేదీన చూపించుకోవాలి.

“ఆ బెంచీకి ఒక పక్క చెయ్యి ఊడిపోయింది. లేవడానికి పట్టు దొరకట్లేదు. ఫారం ఇస్తే రాస్తాను కదా” అంది.

“ఇస్తాను” అన్నాను. ఇస్తాను.

జూన్ 4, గురువారం

ఆరు. మొత్తం నలభై. తగ్గింది. కారణం ఎండ.

పార్కులో ఎప్పుడూ నీలం ట్రాక్‌సూటులో పరుగెత్తే పెద్దమనిషి ఉన్నాడు, పేరు కన్నా ఆ బట్టలే అందరికీ గుర్తు. ట్రాక్ వెడల్పు చెయ్యాలని ఆయన పట్టు. బెంచీలకు తన మోచెయ్యి తగులుతోందట. ఇవాళ నా చేతిలో పన్నెండు ఫారాలు పెట్టాడు. పన్నెండూ ఒకే సిరా, ఒకే వాలు.

“ఇవన్నీ ఎవరివండీ?”

“మా ఇంట్లోవాళ్ళవి.”

“మీ ఇంట్లో ఉండేది ఇద్దరు కదా.”

“వచ్చిపోయేవాళ్ళుంటారు కద సూపరింటెండెంటు గారూ.”

తిరిగిచ్చేశాను. దొంగ ఫారాలు. ముప్పై నాలుగేళ్ళ సర్వీసులో కాపీ కొట్టినవాడిని హాల్లోంచి పంపేటప్పుడు ఒక్కసారి కూడా జంకలేదు, ఇవాళా జంకలేదు. ఆ మాట వాచ్‌మన్‌తో కూడా చెప్పాను. మా ఆవిడతో చెప్పాను. పొరుగూళ్ళో ఉన్న మా అమ్మాయికి ఫోన్ చేసి చెప్పాను.

జూన్ 5, శుక్రవారం

అయిదు. మొత్తం నలభై అయిదు. పది తక్కువగా ఉన్నాను. రేపు శనివారం, సరిపోతుంది.

మా ఆవిడ నా సంచీలోంచి తనే ఒక ఫారం తీసుకుంది. గంటసేపు రాసింది. టిక్కులన్నీ పెట్టింది. పద్నాలుగో ప్రశ్నకు రెండు గీతలు చాలక పక్క మార్జిన్‌లోకి, అక్కణ్ణుంచి అడుక్కి వెళ్ళింది. మొత్తం బెంచీ గురించే.

“గీత దాటి రాయకూడదు. దాటితే ఆఫీసులో కొట్టేస్తారు. ఇంకో ఫారం ఇస్తాను, కుదించి రాయి” అన్నాను.

“నొప్పి గీత లోపలే ఉంటుందా?”

“నేను చెప్పేది నిబంధన.”

“నేను రాసిందే ఇవ్వండి. రెండోసారి రాసే ఓపిక నాకు లేదు.”

సరేనని డైరీలో పెట్టుకున్నాను. ఆఖరి రోజు వీలు చూసి ఇద్దాం.

జూన్ 6, శనివారం

ఎనిమిది. మొత్తం యాభై మూడు.

జూన్ 7, ఆదివారం

సున్నా. వెళ్ళలేదు. ఆదివారం వచ్చేవాళ్ళు రోజూ వాడేవాళ్ళు కారు. వాళ్ళ అభిప్రాయం తీసుకుంటే సర్వే నాణ్యత దెబ్బతింటుంది.

11.00. నిద్ర లేచాక ఈ ఆలోచన ఇంకా బలంగా అనిపిస్తోంది.

జూన్ 8, సోమవారం

వాన. సున్నా. వానకు నేను బాధ్యుణ్ణి కాను.

మా ఆవిడ గొడుగు వేసుకుని వెళ్ళొచ్చింది. వాన వెలిశాక పార్కు నిండా జనం ఉన్నారంది. ఇలాంటి సమాచారం ముందే చెప్పాలి.

జూన్ 9, మంగళవారం

నాలుగు. మొత్తం యాభై ఏడు.

కళ్ళజోడు మర్చిపోయి వచ్చిన ఒకాయన చదవలేనన్నాడు. ప్రశ్నలు నేనే చదివాను, ఆయన చెప్పాడు, నేను టిక్కు పెట్టాను. నాలుగో తీర్మానం ఉల్లంఘన అవుతుందా? కాదు. పరీక్షల్లో కూడా చూపు లేనివాళ్ళకు పక్కన రాసిపెట్టేవాళ్ళను ఇచ్చేవాళ్ళం. ఉత్తర్వు నంబరు కూడా గుర్తుంది.

4. (సవరణ) అడిగినవాళ్ళ తరఫున తప్ప, నా చేత్తో ఒక్క టిక్కూ పెట్టను.

జూన్ 10, బుధవారం

జలుబు. వాచ్‌మన్‌కు ఫారాలిచ్చి పంపాను. అయిదు నింపించి తెచ్చాడు. మొత్తం అరవై రెండు. ఆరో ప్రశ్న దగ్గర ‘చాలా బాగుంది’కి రెండేసి టిక్కులున్నాయి.

జూన్ 11, గురువారం

మూడు. మొత్తం అరవై అయిదు. ఇప్పుడు నన్ను చూడగానే జనం ట్రాక్ మీద దిశ మార్చి నడుస్తున్నారు. అందరూ ఒకే దిశలో నడవాలని గేటు దగ్గర బోర్డు కూడా ఉంది. పదిహేనో ప్రశ్నగా దీన్ని పెట్టాల్సింది.

జూన్ 12, శుక్రవారం

రెండు. మొత్తం అరవై ఏడు. రెండూ ఇస్త్రీ బండి ఆయన, వాళ్ళ ఆవిడ. “మా చేతులు ఖాళీ లేవు సార్, మీకు తెలియనిదా, చూసి వేసెయ్యండి” అన్నారు. వేశాను. నోటిమాటగా ఒప్పుకోలు ఉంది.

4. (రెండో సవరణ) ఒప్పుకోలు ఉన్నచోట తప్ప.

మా ఆవిడ పంపు గది బెంచీ దాటి నలభై అడుగులు ముందుకు వెళ్ళి, మళ్ళీ వచ్చి అదే బెంచీ మీద కూర్చుందట. “రేపు ఎనభై వెళ్తాను” అంది. సరే అన్నాను.

జూన్ 13, 14

అమ్మాయి వచ్చింది. పార్కుకు వెళ్ళలేదు. కన్నబిడ్డ వస్తే ఫారాలు పట్టుకుని తిరగడం బాగుండదు.

మా ఆవిడ, అమ్మాయి కలిసి రెండు రోజులూ పార్కుకు వెళ్ళారు.

అమ్మాయి వెళ్తూ వెళ్తూ అంది, “నాన్నా, ఇన్ని రోజులైంది, ఇంకా డెబ్బై కూడా కాలేదా?”

“నాణ్యత చూడాలమ్మా.”

“నాణ్యతకి అయిదు రోజులే ఉన్నాయి.”

ఎవరి పోలికో తెలియడంలేదు.

జూన్ 15, సోమవారం

నాలుగు. మొత్తం డెబ్బై ఒకటి. కావలసినవి ఇంకా నూట ఇరవై తొమ్మిది.

ఇంజనీరు ఫోన్ చేశాడు. “మీ పార్కు మీదే మా ఆశ సార్. మిగతా పార్కుల్లో ఇరవై కూడా రాలేదు. మీకెన్ని వచ్చాయి?”

“రెండొందలకు దగ్గరలో ఉన్నాం” అన్నాను. దగ్గర, దూరం అనేవి చూసేవాళ్ళను బట్టి ఉంటాయి.

సాయంత్రం 5.30. ట్రాక్‌సూటు ఇంటికే వచ్చాడు. అవే పన్నెండు ఫారాలు. బల్ల మీద పెట్టాడు.

“ఆ రోజు తొందరపడ్డారేమో” అన్నాడు.

“మీ ఇంటికి వచ్చిపోయేవాళ్ళు నిజంగా ఉన్నారా?” అని అడిగాను.

“ఇప్పుడు నేను మీ ఇంటికి రాలేదూ? అలాగే.”

తీసుకున్నాను. విచారణ జరిపే తీసుకున్నాను. మొత్తం ఎనభై మూడు. ఇంకా నూట పదిహేడు.

జూన్ 16, మంగళవారం

మా ఆవిడ ఇవాళ పార్కు రౌండు పూర్తి చేసిందట. ఆరొందల రెండు అడుగులు, మధ్యలో పంపు గది బెంచీ దగ్గర పది నిమిషాలు. ఆమె స్నేహితురాలు, దర్జీ పని చేసే ఆవిడ, అక్కడే చప్పట్లు కొట్టిందట. మంచిదే. నాకు నూట పదిహేడు కావాలి.

ఆలోచించాను. నూట పదిహేడు మంది ఈ పార్కుకు రాకుండా ఉన్నారా? వస్తారు. వాళ్ళకు అభిప్రాయాలు లేకుండా ఉంటాయా? ఉంటాయి. వాళ్ళు నాకు తారసపడలేదు, అంతే. వాళ్ళు తారసపడనంత మాత్రాన పార్కుకు అన్యాయం జరగాలా?

మూడు పెన్నులు తీశాను. నీలం, నలుపు, ఆకుపచ్చ.

జూన్ 17, బుధవారం

ఉదయం 10.00 నుంచి మధ్యాహ్నం 3.30 వరకు, భోజనాల బల్ల దగ్గర. అరవై రెండు ఫారాలు. పేర్లు పాత హాల్ టికెట్ల జాబితా లోంచి తీశాను. ఇరవై ఎడమ చేత్తో. అవి చూస్తే చదువుకోనివాళ్ళు రాసినట్టే ఉన్నాయి.

పని పనిలాగే చెయ్యాలి. అన్నీ ‘అవును’ అని పెడితే ఎవరైనా పట్టుకుంటారు. బిట్ పేపర్‌కు కీ వేసేటప్పుడు మా మొదటి సూత్రం ఇదే: ఒకే జవాబు వరసగా రాకూడదు, ప్రతి జవాబూ సమానంగా రావాలి. దాని ప్రకారం ఒక పట్టిక వేసుకున్నాను. ప్రతి ప్రశ్నకూ మూడు జవాబులు, మూడూ వంతుల వారీగా. కుళాయిలు: బాగున్నాయి, బాగాలేవు, చెప్పలేను. దీపాలు: అలాగే. తొమ్మిదో ప్రశ్న ‘ట్రాక్ పక్క బెంచీలు మీకు అవసరమా?’ అవసరం, అవసరం లేదు, చెప్పలేను. అవసరం, అవసరం లేదు, చెప్పలేను. చెయ్యి దానంతట అదే పోతోంది. చాలా రోజుల తర్వాత ఆఫీసులో ఉన్నట్టనిపించింది.

పట్టిక వెయ్యడానికి తెల్ల కాగితం కనిపించలేదు. డైరీలో మా ఆవిడ ఫారం ఉంది, వెనక ఖాళీ. దాని మీద వేశాను. తర్వాత వేరే కాగితం మీదికి ఎక్కించి, ఆవిడది ఆవిడకిచ్చేద్దాం.

1.15కు మా ఆవిడ కంచాలు పెట్టడానికి వచ్చింది.

“ఇవన్నీ ఎవరివి?”

“ప్రజలవి.”

“ప్రజలకి భోజనం ఎక్కడ పెట్టమంటారు?”

ఇద్దరం వంటింట్లో నిలబడి తిన్నాం.

జూన్ 18, గురువారం

యాభై అయిదు. మొత్తం సరిగ్గా రెండొందలు. లెక్క రెండుసార్లు చూశాను. తీర్మానం నెరవేరింది.

పార్కుకు వెళ్ళి మూడు రోజులైంది. మొదటి తీర్మానంలో ‘రోజూ’ అన్నది ఊపులో రాసిన మాట.

జూన్ 19, శుక్రవారం

మధ్యాహ్నం 2.40. ఆఫీసులో ఇచ్చాను. రసీదు తీసుకున్నాను. ఇంజనీరు లేచి నిలబడ్డాడు, కుర్చీ వేయించాడు, టీ తెప్పించాడు.

ఇంటికొచ్చాక మా ఆవిడ అడిగింది, “నాది కూడా ఇచ్చారు కదా?”

ఇచ్చానన్నాను. నోట్లోంచి వచ్చేసింది. ఆవిడ ఫారం ఇస్తే రెండొందల ఒకటి అయ్యేది. రౌండ్ ఫిగర్ పోయేది. పైగా వెనక పట్టిక ఉంది.

జూన్ 22, సోమవారం

ప్రశంసాపత్రం వచ్చింది. ‘ఆదర్శ పౌరుడు’. గాజు ఫ్రేము. హాల్లో కొట్టాను. మేకు వంకర పోయింది, ఇంకో రెండు కొట్టాను.

ఇంజనీరు ఫోన్‌లో అన్నాడు, “ఇంత సమతూకంగా ఉన్న సర్వే నా సర్వీసులో చూడలేదు సార్.”

జూన్ 24, బుధవారం

ఉదయం 6.40. మా ఆవిడ వెళ్ళిన పావుగంటకే తిరిగొచ్చింది. దర్జీ ఆవిడ భుజం పట్టుకుని వచ్చింది.

ట్రాక్ పక్కనున్న నాలుగు బెంచీలూ పీకేశారు. నేనూ వెళ్ళి చూశాను. పంపు గది దగ్గర నాలుగు గుంతలు, వాటిలో కొత్త సిమెంటు. పక్కనే కుళాయి కారుతోంది. ఆ కుళాయి గురించి ఏడేళ్ళుగా అర్జీలు పెడుతున్నాం. బెంచీలు తియ్యడానికి అయిదు రోజులే పట్టింది.

ట్రాక్‌సూటు మోచేతులు చాపుకుని పరుగెత్తుకుంటూ పోయాడు. “థాంక్సండీ” అన్నాడు.

మా ఆవిడ రెండొందల పన్నెండు అడుగులు నడిచి, కూర్చోవడానికి చూస్తే ఏమీ లేదట. పంపు గది గోడ పట్టుకుని నిలబడిందట. ఒంటరిగా వెనక్కి తిరిగి రావడం తన వల్ల కాలేదు.

“గేటు దగ్గర రెండు బెంచీలు ఉంచారు” అన్నాను.

“గేటు దగ్గర కూర్చోవడానికి గేటు దాకా వెళ్ళడమెందుకండీ? ఇంట్లో కుర్చీ లేదా?”

జూన్ 25, గురువారం

11.00. ఇంజనీరు ఆఫీసు. గట్టిగా అడగాలని వెళ్ళాను. కుర్చీ వేయించాడు, టీ తెప్పించాడు. కాగితం నా వైపు తిప్పాడు.

“తొమ్మిదో ప్రశ్న చూడండి సార్. రెండొందల మందిలో బెంచీలు ‘అవసరం’ అన్నవాళ్ళు తొంభై అయిదుమంది. సగం రాలేదు. సగం రాకపోతే తీసెయ్యాలని రూలు. మాకేం పట్టింపు లేదు, ప్రజలే అన్నారు.”

“ప్రజలు అలా అనుంటారని నాకు నమ్మకం లేదు” అన్నాను.

“ఫారాలు తెచ్చింది మీరే కదా సార్. వాటిలో ఏమైనా తేడా ఉందంటారా?”

కాగితం మళ్ళీ ఆయన వైపు తిప్పాను.

“తేడా ఏం లేదు” అన్నాను.

“వచ్చే నెల ఇంకో సర్వే ఉంది సార్. ‘మార్పుల మీద ప్రజల సంతృప్తి’. ఒకటో తేదీ నుంచి పందొమ్మిది దాకా. మళ్ళీ రెండొందలు. సగం మంది కావాలంటే బెంచీలు తిరిగి వేస్తాం. మీలాంటి వాళ్ళుంటే మాకు దిగులు లేదు.”

బస్సులో లెక్క వేశాను. తమ చేత్తో నింపినవాళ్ళూ, అడిగి నింపించుకున్నవాళ్ళూ డెబ్బై ఒక్కమంది. వాళ్ళలో బెంచీ కావాలన్నవాళ్ళు యాభై ఆరు. ట్రాక్‌సూటు పన్నెండులో సున్నా. నేను నింపిన నూట పదిహేడులో ముప్పై తొమ్మిది. నా పట్టిక ఒక్క గడి కూడా తప్పలేదు.

జూన్ 27, శనివారం

నేను స్నానం చేసి వచ్చేసరికి మా ఆవిడ భోజనాల బల్ల దగ్గర కూర్చుని ఉంది. ముందు నా డైరీ మూసే ఉంది. చేతిలో తన ఫారం. చాకలి పద్దు రాయడానికి పెన్ను కోసం డైరీ ఎత్తితే కింద పడిందట.

ముందువైపు చూసింది. తను రాసిన బెంచీ. వెనక్కి తిప్పింది. నేను వేసిన పట్టిక. మళ్ళీ తిప్పింది.

“ఇచ్చానన్నారు.”

నేను తువ్వాలు ఆరేశాను.

“తొమ్మిది దగ్గర ఈ అ, లే, చె ఏంటి?”

చెప్పాను. అవసరం, లేదు, చెప్పలేను. మొత్తం చెప్పాను. కీ, మూడు పెన్నులు, ఎడమ చెయ్యి.

“ఎన్ని తక్కువయ్యాయి?”

“సగానికి అయిదు.”

“నాది కలిపితే?”

“నాలుగున్నర. మొత్తం రెండొందల ఒకటవుతుంది కదా, సగం నూరున్నర…”

“సగమూ అరా నాకు తెలియదు. మీ ఫారంలో ఏం పెట్టారు?”

“నేను నింపలేదు. నాలుగో తీర్మానం.”

ఆవిడ పట్టిక మీద వేలు పెట్టింది.

“నూట పదిహేడు మందికి నింపారు. మీది మాత్రం నిజాయితీగా ఖాళీ ఉంచారు.”

ఫారం మడిచి బొడ్లో దోపుకుని లోపలికి వెళ్ళింది. వెళ్ళేటప్పుడు హాల్లో ఫ్రేము దగ్గర ఆగింది. వంకరగా ఉందని సరిచేసింది.

జూన్ 28, ఆదివారం

మడత కుర్చీ చంకన పెట్టుకుని ఆవిడతో పార్కుకు వెళ్ళాను. పంపు గది దగ్గర వేద్దామని. వాచ్‌మన్ గేటు దగ్గరే ఆపాడు.

“బయటి సామాను తేకూడదు సార్. కొత్త రూలు. పదకొండో ప్రశ్న.”

పదకొండో ప్రశ్నకు నా పట్టికలో ఏముందో గుర్తు లేదు. గుర్తు తెచ్చుకోలేదు.

“అమ్మగారి కోసమయ్యా.”

“అమ్మగారంటే నాకూ గౌరవమే సార్. రూలు మీరే కద తెచ్చింది.”

కుర్చీ గేటు బయట వేశాను. ఆవిడ కూర్చోలేదు.

జూన్ 30, మంగళవారం

డాక్టరు నడిపించి చూశాడు. “పదహారో తేదీన రౌండు పూర్తి చేశారన్నారు కదా, తర్వాత ఏమైంది?” అని అడిగాడు. మా ఆవిడ నా వైపు చూడకుండా, “బెంచీ తీసేశారండీ” అంది. “ఎవరు?” అన్నాడు. “ప్రజలు” అంది.

చేతికర్ర ఇంకో నెల. ఈసారి చూపించుకునేది జూలై ముప్పై ఒకటిన.

జూలై 1, బుధవారం

ఉదయం 4.50. మళ్ళీ అలారం కన్నా ముందే లేచాను. మా ఆవిడ నాకన్నా ముందే లేచి చీర కట్టుకుని కూర్చుంది.

కొత్త ఫారాలు నిన్ననే తెచ్చాను. మళ్ళీ పద్నాలుగు ప్రశ్నలు. బెంచీ మళ్ళీ తొమ్మిదో ప్రశ్నే.

తీర్మానాలు:

1. రోజూ ఆరింటికల్లా గేటు దగ్గర. ఆదివారం కూడా. వాన అయినా.
2. రోజుకు పదకొండు.
3. ఎవరి ఫారం వాళ్ళ చేత్తోనే.
4. సవరణలు లేవు.
5. ఇంటి ఫారం ముందు.

అయిదోది ఆవిడ చెప్తే రాశాను. తన ఫారం తనే నింపింది. ఈసారి కూడా గీత దాటింది. నేనేమీ అనలేదు. తర్వాత నా ఫారం నా ముందు పెట్టింది. తొమ్మిదో ప్రశ్న పైకి చదివి, నేను టిక్కు పెట్టేదాకా చూసింది.

8.30. గేటు బెంచీ మీద ఆవిడ కూర్చుని ఫారాలిచ్చింది, నేను అట్ట పట్టుకుని నిలబడ్డాను. వాచ్‌మన్‌ను, “నువ్వు అటు నిలబడు నాయనా, దీపాల దగ్గర” అంది. వెళ్ళాడు. నవ్వుల బృందం పెద్దాయనతో ఏం చెప్పిందో గానీ ఆరుగురు నింపారు. ఒక్కరూ నవ్వలేదు. మావి రెండూ కలిపి మొత్తం పదమూడు. లక్ష్యానికి రెండు ఎక్కువ. ఈ లెక్కన పదహారో తేదీకే అయిపోతుంది. మిగిలిన మూడు రోజులు ఏం చెయ్యాలో…

సాయంత్రం 4.00. భోజనాల బల్ల మీద నూట ఎనభై ఏడు ఖాళీ ఫారాలున్నాయి. ఊరికే సర్దుతున్నాను. మా ఆవిడ వచ్చి సొరుగు తీసింది. నీలం, నలుపు, ఆకుపచ్చ మూడూ తీసుకుంది. నా చొక్కా జేబులోది కూడా తీసుకుంది. బీరువాలో పెట్టి తాళం బొడ్లో దోపుకుంది.

ఇది పెన్సిల్‌తో రాస్తున్నాను.